నేను కడిగి పారబోసిన మసి

మోటారు బస్సు కింద ఒక నల్లటి పెట్టె ఉంటుందని, దానిలో సీసమూ ఆసిడూ కలిసి కాపురం చేస్తుంటాయని, ఆ కాపురం చెడితే బస్సు కదలదని ఏలూరులో పదిమందికైనా తెలియని రోజులవి. పంతొమ్మిది వందల ముప్ఫైల నాటి సంగతి. ఆ పెట్టె సంగతి తెలుసునని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. బి.ఎస్సీ. రసాయన శాస్త్రం చదివాను మరి. (ఏ తరగతిలో పాసయ్యానో ఎవరూ అడగలేదు కాబట్టి ఇప్పుడు నేనూ చెప్పను.) మాది చింతలపూడి వైపు మెట్ట ఊరు. మా ఇంటిని ఊళ్ళో అప్పటికీ దివాణం అనేవారు. దివాణం అనిపించుకోవడానికి కావలసినవన్నీ మా ఇంట్లో ఉండేవి. తాతగారి నిలువెత్తు పటం, వెండి పిడి ఉన్న ఆయన భూతద్దం, ఆగిపోయిన గోడగడియారం, వంగని మెడలు. లేనివల్లా భూములే. జీతానికి పనిచేసినవాడు మా వంశంలో నాకు ముందు ఎవడూ లేడు. అందుకని నేను ఏలూరులో ఒక బ్యాటరీ కొట్లో చేరిన సంగతి మా నాయనమ్మ ఊళ్ళో వేరే విధంగా చెప్పుకొనేది. "మావాడు ఏలూరులో మెరుపుల మీద పరిశోధన చేస్తున్నాడు. దొరలు రమ్మన్నారు" అని.

రమ్మన్నది దొరలు కాదు, మేస్త్రిగారు. పెద్దగా చదువుకోలేదు. చిన్నప్పుడే ఎక్కడో ఓడల మరమ్మతు షెడ్డులో చేరి, పనంతా చేత్తోనే నేర్చుకుని వచ్చినవాడు. కొట్లో ఒక ఆయిల్ ఇంజను, దానికి కట్టిన డైనమో, వరసగా చార్జి కోసం పెట్టిన బ్యాటరీలు, వెనక పెరడు, పెరడు పక్కన ఆయన కాపురం. ఆయన భార్య మండవల్లి వైపు కొల్లేటి ఒడ్డు పిల్ల. వాళ్ళవాళ్ళు తరతరాలుగా చేపలు పట్టి బతికినవాళ్ళు. ఆవిడ గొంతు నీళ్ళ మీద పడవ నుంచి పడవకి పిలిచే గొంతు. పెరట్లోంచి మాట్లాడితే వీధిలో వినపడేది. నేను చేరిన మొదటి రోజున మెడదాకా బొత్తాలున్న కోటు, జరీ అంచు పంచె కట్టుకుని, కూర్చోవడానికి మా ఇంటినుంచి తెచ్చుకున్న చేతుల కుర్చీతో సహా దిగాను. మేస్త్రిగారు కుర్చీ వంకా నా వంకా చూసి, చేతులు తుడుచుకుని, "దయచెయ్యండి బాబుగారూ" అన్నాడు. నా ఎదురుగా ఆయన పీట మీదే కూర్చున్నాడు. అదంతా సహజమే అనుకున్నాను. వారం తిరక్కుండా ఆసిడ్ తుంపర్లు నా పంచె మీద తమ పని చేశాయి. చాకలి ఉతికి తెచ్చాక చూస్తే, నడుము నుంచి మోకాళ్ళ దాకా కన్నాలే. మేస్త్రిగారి భార్య చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "బాబుగారు మా పుట్టింటి వల కట్టుకొచ్చారండోయ్!" అంది. నేను వినపడనట్టు నిలబడ్డాను. వినపడనట్టు నిలబడటం మా వంశంలో అందరికీ వచ్చు.

నన్ను ఎందుకు పెట్టుకున్నాడో చెబుతాను. ఏలూరు నుంచి గుండుగొలను మీదుగా తాడేపల్లిగూడెం నడిచే బస్సులన్నీ ఒకే ఓనరువి. ఆ బస్సుల బ్యాటరీలకి ప్లేట్లు సీమ నుంచి, అంటే ఇంగ్లండు నుంచి, ఓడ మీద రావాలి. వచ్చేసరికి నెలలు పట్టేది. మేస్త్రిగారికి ఒక ఆశ పుట్టింది. ఆ ప్లేట్లు మనమే ఎందుకు చెయ్యకూడదు అని. సీసపు జాలీ చట్రం పోత పోయడం ఆయనకి మంచినీళ్ళ ప్రాయం. ఆ జాలీలో మెత్తిన ముద్ద ఏమిటో, దానిలో ఏమేం కలిపారో అదే తెలియదు. బస్సు ఓనరు ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద. "రెండు బస్సులకి మీ ప్లేట్లు వెయ్యండి. ఈ వానాకాలం గట్టెక్కితే నా బళ్ళ పనంతా మీదే. దారిలో ఆగిందో, మొత్తం పని బెజవాడ కొట్టుకి పంపేస్తానండి." ఆ పని పోతే కొట్టు లేదు. కొట్టు పోతే మేస్త్రిగారు భార్యను తీసుకుని అత్తవారింటికి, ఆ కొల్లేటి ఒడ్డుకి, వల భుజాన వేసుకుని పోవలసిందే. అది ఆయన నాతో అనలేదు. ఆవిడ అంది, అందరికీ వినపడేలాగా.

మేస్త్రిగారు ఒక కొత్త సీమ నెగటివ్ ప్లేటు నా బల్ల మీద పెట్టి, "దీని కడుపులో ఏముందో తేల్చండి బాబుగారూ. ఏమేం ఉందో, అది ఎలా కూర్చుని ఉందో. మిగతాది నా చేతులు చూసుకుంటాయి" అన్నాడు. పలక లాగా బూడిదరంగులో ఉంది. గోటితో గీస్తే మెత్తగా గీత పడుతుంది. సగం ప్లేటు గీకి పొడి చేశాను. కంసాలి దగ్గర చిన్న త్రాసు, దానితో పాటు తూకానికి గురిగింజలు అడిగి తెచ్చుకున్నాను. ఇక్కడే నా చదువుకి మా ఇంటి మర్యాద తోడయింది. మా దివాణంలో బియ్యం ఏడు నీళ్ళు కడిగేవారు. మూడు నీళ్ళతో సరిపెట్టేవాళ్ళది మామూలు ఇల్లు, ఏడు నీళ్ళు కడిగితే దివాణం. పైకి తేలే చిట్టూ తవుడూ ప్రతిసారీ వంచెయ్యాలి. చివరి నీళ్ళలో ముఖం కనపడాలి. బియ్యానికే అంత శుద్ధి అయితే శాస్త్రానికి ఎంత ఉండాలి? పెరట్లో బట్టలుతికే బండ దగ్గర కూర్చుని, పట్టిపెట్టిన వాన నీళ్ళతో ఆ పొడిని ఏడుసార్లు కడిగాను. మొదటి మూడు నీళ్ళలో నల్లటి తెట్టు తేలింది. సీమ నుంచి ఇంత దూరం వచ్చిన సరుకు, ఓడ పొగా రైలు పొగా పట్టి ఉంటుందని శ్రద్ధగా వంచేశాను. మేస్త్రిగారి భార్య బావి దగ్గర నుంచి చూస్తోంది.

"బియ్యం కడుగుతున్నారాండీ?"

"శుద్ధి చేస్తున్నాను" అన్నాను.

"కొత్తదాన్ని కడగడమెందుకండీ?"

దీనికి సమాధానం చెప్పడం నా స్థాయికి తక్కువనిపించింది. చెప్పలేదు. (నిజానికి నా దగ్గర సమాధానం లేదు. ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.)

కడిగిన పొడిని నైట్రిక్ ఆసిడ్‌లో కరిగించి వడగట్టి, సల్ఫ్యూరిక్ ఆసిడ్ పోసి తెల్లటి అవక్షేపం దించి, మళ్ళీ వడగట్టి, ఆరబెట్టి, గురిగింజల్లో తూచి లెక్క కట్టాను. అంతా సీసమే. మొదటి వడగాగితం మీద ఏదో కాస్త మిగిలిందిగాని, అది కాగితం తాలూకు చెత్త అనుకున్నాను. నివేదిక ఎనిమిది పేజీలు రాశాను, ఇంగ్లీషులో, వంపులు తిరిగిన అక్షరాలతో. ఆ ఎనిమిది పేజీల సారాంశం 'సీసం, సీసమే' అని. అది ఎలా కూర్చుని ఉందని మేస్త్రిగారు అడిగిన దానికి చివర్లో ఒక్క మాట రాశాను, 'సాధారణంగా' అని. మేస్త్రిగారు ఇంగ్లీషు చదవలేడు. నివేదికను రెండు చేతులతో అందుకుని, దేవుడి పటాల పక్కన మేకుకి తగిలించాడు. మరునాడు చూస్తే మొదటి పేజీకి బొట్టు పెట్టి ఉంది.

ఆపైన పని సులువే. రంగుల కొట్లో దొరికే పచ్చటి సీసపు పొడి తెచ్చి, పల్చటి ఆసిడ్‌తో ముద్ద కలిపి, జాలీల్లో మెత్తి, ఆరబెట్టి, చార్జి చేశాం. ప్లేట్లు సీమ వాటికంటే అందంగా ఉన్నాయని నేనన్నాను. మేస్త్రిగారు గోటితో గీసి, "కొంచెం గట్టిగా ఉన్నాయేమోనండి" అన్నాడు. "గట్టితనం మంచి లక్షణం" అన్నాను. రెండు బస్సులకీ వేశాం. మొదట్లో బస్సులు బంగారంలా నడిచాయి. హారను మోతకి గుండుగొలను కుక్కలు దారి తప్పుకునేవి. నాకు బస్సులో డ్రైవరు పక్క సీటు ఉచితం. ఆ సీట్లో కోటు బొత్తాలన్నీ పెట్టుకుని తాడేపల్లిగూడెం దాకా వెళ్ళి రావడం నాకు ఊరేగింపు లాగా ఉండేది.

నెల తిరక్కుండా ఒక వాన మధ్యాహ్నం ఆ ఊరేగింపు ఆగిపోయింది. గుండుగొలను దాటాక ఎద్దుబండి అడ్డం వస్తే డ్రైవరు బస్సు ఆపాడు, ఇంజను ఆగింది, ఇక లేవలేదు. హారను నొక్కితే పిల్లి నిద్రలో మూలిగినట్టు ఒక్క శబ్దం, ఆ తర్వాత అదీ లేదు. డ్రైవరు హ్యాండిల్ పెట్టి తిప్పీ తిప్పీ ఆయాసపడి, "బ్యాటరీ చచ్చిందండి. దిగి తొయ్యాలండి" అన్నాడు. అందరూ దిగారు. నేను దిగలేదు. మా వంశంలో పల్లకీ మోసినవాళ్ళు లేరు, మోయించుకున్నవాళ్ళే. ఖాళీ చేపల గంపతో ఉన్న ఒక కొల్లేటి అమ్మ వానలో నా కిటికీ దగ్గరకొచ్చింది.

"ఏవండోయ్ కోటుబాబుగారూ! తవరు దిగితే బండి సగం తేలికవుద్దండి."

దిగాను. మోకాలి లోతు బురద. తొయ్యడం మొదలుపెట్టాం. ఒక పక్క ఆవిడ, ఇంకో పక్క ఎవరో రైతు, మధ్యలో నేను. తోస్తున్నంతసేపూ ఆవిడ నోరు ఆగలేదు. "ఇంతకు ముందు ఇలా ఆగేదాండీ ఈ బండి? ఏలూరులో ఎవడో కొత్తగా బేటరీలు చేస్తన్నాడంట. ఆణ్ణి మా ఊరు రానియ్యండి చెబుతా. పెట్టి నిండా రాళ్ళు పోసుంటాడు సచ్చినోడు. ఏవంటారండీ?"

"బాగా తొయ్యండి" అన్నాను.

"తవరికి తెలుసాండీ ఆడెవడో?"

తెలియదని తల ఊపాను. నా జీవితంలో అంత చిన్న అబద్ధం అంత బరువుగా తగలలేదు. బస్సు తోసిన బరువు దాని ముందు ఏపాటి?

మరునాటికి రెండో బస్సు కూడా పడుకుంది. బ్యాటరీలు విప్పి చూస్తే మా నెగటివ్ ప్లేట్లు పలకబండల్లా బిగుసుకుపోయి ఉన్నాయి. గోరు దిగదు, మేకు కూడా జారిపోతుంది. మేస్త్రిగారు ఒక ప్లేటు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. నన్ను తిడతాడని చూశాను. తిట్టలేదు. గోడ మీది నివేదిక వంక చూసి, "కాగితం తప్పదండి. చదువుకున్న చేతిరాత. నా చెయ్యే ఎక్కడో తప్పి ఉంటాది. ముద్ద ఎక్కువ పిసికానేమో" అన్నాడు. ఓనరు మర్నాడు పొద్దున్నే వస్తానని కబురు పంపాడు. ఎందుకు వస్తాడో అందరికీ తెలుసు. పెరట్లో ఆవిడ గొంతు ఆ రోజు అప్పటిదాకా వినపడలేదు. దాంతో నాకు భయం పట్టుకుంది.

సీమ ప్లేటులో మిగిలిన సగం నా బల్ల మీదే ఉంది. దానిలోంచి ఒక ముక్కా, మా ప్లేటులోంచి అంతే బరువున్న ముక్కా విరిచాను. రెంటినీ వాన నీళ్ళలో వేశాను. మా ముక్క రాయిలాగే మునిగి, రాయిలాగే పడుకుంది. సీమ ముక్క ఊపిరి తీసింది. చేప బుడగలు వదిలినట్టు దాని ఒళ్ళంతా సన్నటి బుడగలు, పైకి, పైపైకి. తీసి, పైన తడి తుడిచి తూస్తే, సీమ ముక్క తాగిన నీళ్ళకి గుప్పెడు గురిగింజలు కావలసివచ్చాయి. మాది తాగింది రెండు గింజల ఎత్తు. అంటే సీమ ప్లేటు లోపలంతా కంటికి కనపడని కన్నాలు. ఆ కన్నాల్లోకి ఆసిడ్ దిగుతుంది, అందుకే అది పని చేస్తుంది. మాది లోపల మూసుకుపోయింది. 'సాధారణంగా' అని నేను తోసిపారేసిన మాటలోనే బ్యాటరీ అంతా ఉందన్నమాట. మరి ఆ కన్నాల్ని మూసుకుపోకుండా పట్టి ఉంచుతున్నదేమిటి? అంతా సీసమే అయితే రెండూ ఒకేలా ఉండాలి కదా?

అప్పుడు పెరట్లోంచి ఆవిడ గొంతు లేచింది, పొద్దుటి నుంచి మొదటిసారి.

"బాబుగారూ! ఆ రోజు ఈ బండ మీద ఏం పోశారండీ? నెల్లాళ్ళ నుంచి తోముతున్నాను, మసి పోదు. మా ఆయన తెల్ల పంచెలన్నీ నల్లచారలేనండి!"

కుర్చీ పడిపోయినా చూడకుండా పరిగెత్తాను. బండ పగుళ్ళలో నల్లగా పట్టుకుని ఉంది, నేను కడిగి పారబోసిన సీమ మురికి. వేలితో రాస్తే జిడ్డుగా, మెత్తగా, కాటుకలా ఉంది. చాకుతో గీకి కాగితం మీద వేసి, ఇంటినుంచి తెచ్చుకున్న తాతగారి భూతద్దంతో చూశాను. దీపపు మసి. మధ్యమధ్య సన్నటి నారపోగులు, చెక్కపొట్టు. లోపలికొచ్చి, సీమ ప్లేటులో కొంత పొడి చేసి, ఈసారి కడక్కుండా ఆసిడ్‌లో వేశాను. సీసం కరిగిపోయాక అదే నలుపు వడగాగితం మీద నిలిచింది. ఓడ పొగా కాదు, రైలు పొగా కాదు. తెలిసి కలిపిన సరుకు. పొయ్యి పిడకలో ఊక ఉన్నట్టు, సీసపు రేణువులు ఒకదానికొకటి అతుక్కుని బండ కట్టకుండా మధ్యలో నిలబడేది అదే. అంత ముఖ్యమైనదాన్ని నేను ఏడు నీళ్ళు కడిగి పారబోసి, మిగిలినదాన్ని ఎనిమిది పేజీల్లో వర్ణించాను. (ఇంకో తెల్లటి పొడి కూడా అందులో ఉంటుందని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. 'కాగితం చెత్త' అనుకున్నాను చూశారూ, అదే.)

మేస్త్రిగారికి అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఎలా చెప్పాలో వాక్యాలు కూర్చుకుంటూ ఉండిపోయాను. 'తదుపరి పరిశోధనల్లో వెల్లడైనదేమనగా' అని మొదలుపెడితే గౌరవంగా ఉంటుందా, 'పూర్వ నివేదికకు అనుబంధంగా' అంటే బాగుంటుందా అని. అంతలోకే తెల్లవారింది, ఓనరు వచ్చాడు. ఆయన తండ్రి మా తాతగారి గుర్రబ్బండి తోలినవాడు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఆ రోజు ఆయన నా చేతుల కుర్చీలో కూర్చున్నాడు. నేను నిలబడ్డాను.

"మేస్త్రీ, మాటంటే మాటేనండి" అన్నాడు ఓనరు. "జనం నన్ను రోడ్డు మీద తిడుతున్నారు. పని బెజవాడ పంపేస్తాను."

మేస్త్రిగారు తలొంచుకున్నాడు. "తప్పు నాదేనండి. బాబుగారు కాగితం సరిగ్గానే ఇచ్చారు. ముద్ద కలపడంలో నా చెయ్యే..."

నాకు ఇప్పటికీ జ్ఞాపకం, ఆ క్షణాన నా చెయ్యి కోటు మెడ బొత్తాం మీదికి పోయింది. ఊరుకుంటే చాలు. మసి సంగతి నా కడుపులోనే ఉంటుంది. దివాణం మెడ వంగదు. ఈ మనిషి మాత్రం నా కాగితానికి బొట్టు పెట్టిన పాపానికి వల భుజాన వేసుకుని వెళ్ళిపోతాడు. గుమ్మంలో ఆయన భార్య నిలబడి ఉంది.

"ఆయన చెయ్యి కాదు" అన్నాను. "తప్పు నాది. ప్లేటులో మసి ఉంది. మురికి అనుకుని కడిగి పారబోశాను. నిన్న తెలిసింది. నిన్ననే చెప్పలేదు, అది ఇంకో తప్పు."

ఓనరు నెమ్మదిగా కుర్చీలోంచి లేచాడు.

"మా నాన్న ఇరవై ఏళ్ళు మీ తాతగారి బండి తోలాడండి. ఆ ఇంట్లో 'తప్పు నాది' అన్న మాట ఒక్కరోజు వినలేదని చెప్పేవాడు. ఇవాళ నేను విన్నాను. మా నాన్న ఉంటే నమ్మేవాడు కాదండి." చెప్పులు తొడుక్కుని, "ఒక్క బస్సు. వానలు తగ్గేదాకా. అది నడిస్తే అన్నీ మీవేనండి" అని వెళ్ళిపోయాడు.

ఆపైన రెండు వారాలు ఆ పెరడు కాటుక పట్టే కార్ఖానా అయింది. మేస్త్రిగారి భార్య ఆముదం దీపాల మీద మూకుళ్ళు బోర్లించి మసి పట్టింది. పడవలు చేసే వడ్రంగి దగ్గర నుంచి రంపపు పొట్టు తెచ్చి జల్లెడ పట్టాను. ఎంత కలపాలో ఏ పుస్తకంలోనూ లేదు. చిటికెడు, రెండు చిటికెలు, మూడు చిటికెలు అంటూ వేరువేరు ప్లేట్లు చేసి, నీళ్ళలో వేసి, బుడగలు చూసి, తూచి, చార్జి చేసి, మళ్ళీ తూచాం. మూడు చిటికెల ప్లేటు జాలీలోంచి రాలిపోయింది. చిటికెడుది బిగుసుకుంది. రెండు చిటికెలది నిలిచింది. మేస్త్రిగారు దానిని గోటితో గీసి, మెత్తటి గీత చూసుకుని, "ఇదండీ కూర్చోవడమంటే" అన్నాడు. ఆ బస్సు వానాకాలమంతా ఆగకుండా నడిచింది, మిగతా బస్సుల పనీ వచ్చింది. కొల్లేటి ఒడ్డు పిల్ల ఏలూరులోనే ఉండిపోయింది, వీధంతా వినపడుతూ.

కాని నేను చెప్పదలచుకున్నది ఆ గెలుపు గురించి కాదు. ఓనరు వెళ్ళిన మూడోరోజో నాలుగోరోజో, చార్జి పెట్టేటప్పుడు తీగలు తలకిందులుగా తగిలించాను. ప్లసుకి మైనసు, మైనసుకి ప్లసు. మేస్త్రిగారు చూసి, ఇంజను ఆపి, అంతవరకూ ఎప్పుడూ నాతో మాట్లాడని గొంతుతో అరిచాడు. "ఏవయ్యా! కళ్ళు ఎక్కడున్నాయి నీకు? ఎర్ర తీగ ఎటు, నల్ల తీగ ఎటు? ఎన్నిసార్లు చెప్పాలి?" ఆయనకే భయం వేసినట్టుంది, నాలుక కరుచుకున్నాడు. బాబుగారూ లేదు, తమరూ లేదు, దయచెయ్యండీ లేదు. మా వంశంలో ఎవరినీ ఎవరూ అలా అనలేదు. ఒళ్ళంతా వేడెక్కి, కోపం కోసం లోపల వెతికితే, దొరికింది కోపం కాదు. మర్యాద చేసినన్నాళ్ళూ ఆ మనిషి నన్ను తన పనికి దూరంగా కూర్చోబెట్టాడు. ఇప్పుడు పని నేర్చుకోవలసినవాళ్ళలో కలిపాడు. అంత గౌరవం నాకు ఆ ముందూ ఎవరూ చెయ్యలేదు, తర్వాతా చెయ్యలేదు. ఇన్నేళ్ళ దూరం నుంచి చూస్తే, కన్నాల పంచె కట్టుకుని, చేతిలో ఎర్ర తీగ పట్టుకుని నిలబడ్డ ఆ బిర్రబిగిసిన కుర్రాడు కనపడతాడు. వాణ్ణి చూస్తే నాకు నవ్వొస్తుంది, కొంచెం ముద్దూ వేస్తుంది. వాడు మేస్త్రిగారి ముఖంలోకి చూసి, జీవితంలో మొదటిసారి ఏ వాక్యమూ ముందుగా కూర్చుకోకుండా, "తప్పయిందండి మేస్త్రిగారూ, ఇంకోసారి చూపించండి" అన్నాడు. ఆయన చూపించాడు.